ముందు వరస మర్యాద

ఓర్లాండోలోని రిసార్ట్‌లో పసిఫిక్ దీవులవాళ్ల ఆటపాటలతో సాగే పాలినీషియన్ డిన్నర్ షోకి ఏరి కోరి ముందు వరస సీట్లు బుక్ చేశాను. మా అత్తగారు అమెరికా రావడం అదే మొదటిసారి. మన ఫంక్షన్లలో పెద్దవాళ్లకి ముందు సోఫాలే కదా వేస్తాం!

సీట్లు చూపించిన సమోవా దీవి ఆవిడ నవ్వింది. “ముందు కూర్చున్నవాళ్లని మేం స్టేజ్ ఎక్కిస్తాం. ఊరికే చూడాలంటే వెనక టేబుల్ ఇస్తాను.”

నేను గబుక్కున అత్తగారి వైపు తిరిగాను. “అత్తయ్యా, మీ చేత డాన్స్ చేయిస్తారట. వెనక్కి పోదామా?”

“కూర్చున్నాక లేవడమేంటమ్మా, చూద్దాంలే,” అన్నారావిడ.

డ్రమ్ములు మోగగానే ఆ సమోవా ఆవిడే వచ్చి అత్తగారిని స్టేజ్ మీదకి తీసుకెళ్లింది. అలనీ, గాలినీ, చేపనీ చేతులతోనే చూపించింది. నర్సాపురం చర్చిలో ఏళ్లతరబడి సండే స్కూల్ పిల్లలకి అభినయంతో పాటలు నేర్పిన మా అత్తగారు ఒక్కసారికే పట్టేశారు. పక్కనున్న తెల్లాయన తడబడితే మోచెయ్యి పట్టుకుని సరిదిద్దారు కూడా! హాలంతా చప్పట్లు.

ఆయాసపడుతూ తిరిగొచ్చి, “ఇది మన యాక్షన్ సాంగేనమ్మా! మనం పిల్లల చేతే చేయిస్తాం, వీళ్లు పెద్దాళ్లని కూడా వదలరు,” అన్నారు.

“అలసిపోయారు, ఇప్పుడైనా వెనక్కి వెళ్దామా?” అన్నాను.

ఆవిడ కుర్చీని ఇంకాస్త స్టేజ్ దగ్గరికి జరుపుకున్నారు.