మేడం పెట్టెలోని మడ కొయ్య

మా వృక్షశాస్త్రం మేడం పోయిన కబురు నంద్యాల బస్టాండులో ఉండగా తెలిసింది. ఫోన్ పెట్టేసి, కదులుతున్న ఆళ్లగడ్డ బస్సు ఎక్కేశాను.

మాది సముద్రం ఎరగని సీమ. ఆమె మనసు మాత్రం ఎప్పుడూ తీరంలోని మడ అడవుల్లోనే ఉండేది. సెలవులొస్తే అక్కడికి పోయి కుళ్లిన మడ కొమ్మలు, క్యాన్ల నిండా సముద్రపు నీళ్లు తెచ్చేవారు. కొయ్యముక్కల్ని మూత పెట్టెల్లో ఉంచి, ఆ నీళ్లు చిలకరిస్తూ వారాల తరబడి బూజు కోసం కాచుకునేవారు. పుట్టిన బూజును సూది మొనతో తీసి గాజు పళ్లెంలో విడిగా పెంచేవారు. ఒకసారి చుట్టమొకాయన దాహమేసి ఆ క్యాను నీళ్లు తాగేశాడు. ఆయన కక్కుతుంటే మేడం దిగులుగా క్యాను వైపు చూశారు.

బూజుకు విత్తనాల్లాంటి సిద్ధబీజాలు కంటపడందే ఏ శిలీంధ్రానికీ పేరు పెట్టనిచ్చేవారు కాదు. మేం తొందరపడితే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అని మొట్టికాయ వేసేవారు. ఆ చదువుతోనే ఈరోజు నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను.

ఆమె భర్త విగ్రహాలు చెక్కే శిల్పి. మట్టి చేసి వచ్చాక నన్ను ఆమె గదిలోకి పిలిచి చివరి పెట్టె చూపించారు.

"మంచం పట్టినాక గూడా దీన్నే చూస్తాండె. ఇదేందో పేరు చెప్పప్పా, ఆమె సమాధి రాయి మీద చెక్కుతా."

మైక్రోస్కోపులో చూశాను. నల్లటి పోగులు తప్ప సిద్ధబీజం ఒక్కటీ లేదు. చుట్టాలంతా నా వైపే చూస్తున్నారు. లెక్చరర్ని కదా, తెలియదనడానికి నోరు రాలేదు. పోలికను బట్టి ఏదో పేరు చెప్పేశాను. ఎంత చదివినాడో అని ఎవరో మెచ్చుకున్నారు కూడా. తిరుగు బస్సులో సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నేర్పిన ఒక్క నియమాన్నీ ఆమె ఇంట్లోనే తప్పాను.

పెద్దకర్మ లోపే మళ్లీ వెళ్లాను. ఆయన వాకిట్లో రాయి చెక్కుతున్నారు. నేను చెప్పిన పేరు అప్పటికే సగం పడింది.

"అదేందో నాకు తెల్దు పెద్దాయనా. తెలిసినట్టు చెప్పినా."

ఆయన ఉలి దించి అక్షరాల్ని వేలితో తడిమారు. తిట్టినా బాగుండుననిపించింది.

"రాయి మీద అక్షరం ఒక్కటే చెరగదప్పా. అదెంత లోతుంటే రాయి ముఖమంతా అంత లోతుకు చెక్కి దించల్ల."

నేనూ చెయ్యి వేస్తానన్నాను. నీకు చాతకాదన్నారు. కళ్లద్దాలు తుడుచుకుని రాతి పైఅంచు నుంచి చెక్కెయ్యడం మొదలుపెట్టారు. అక్కడ ముందుగా చెక్కి ఉంది మేడం పేరే.