నూట ఎనభై గదులూ, మా వదినా

మా వదినను ఆఫీసులో ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల మొండిఘటం అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. "వెనకాల పేరే బాగుంది," అంటుంది.

పనిలో చేరిన కొత్తలో ఆవిడ బిల్డింగ్ ప్లాన్లు చేత్తోనే గీసేది. ఒకసారి ఏదో హాస్టల్ కోసం ఒకే కిటికీని నాలుగు వందల సార్లు గీసి, వేళ్ళు కొంకర్లు పోయి, వారం రోజులు నా చేత జడ వేయించుకుంది. అందుకే కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆఫీసంతా బెదిరిపోతే ఆవిడ ఎగిరి గంతేసింది. గీసిందే మళ్ళీ గీయక్కర్లేదు కదా!

పోయినేడాది వాళ్ళకు ఒక ఆసుపత్రి పని వచ్చింది. ఆరు అంతస్తులు, అంతస్తుకు ముప్పై గదులు. గోడలు, తలుపులు, పైపులతో సహా ఆ బిల్డింగును ముందు కంప్యూటర్లో కట్టి చూపించాలి. టీమ్ లీడర్ ఆరుగురికి తలా ఒక అంతస్తు పంచాడు. వదినకు నాలుగోది వచ్చింది.

"గదులన్నీ ఒకటేగా సార్. ఒక్కటి సరిగ్గా కట్టి, గ్రూపు చేసి, దాన్నే అన్నిచోట్లా పెడదాం. రేపు మార్పు వస్తే ఒక్కచోట మారిస్తే అన్నీ మారతాయి," అంది వదిన.

"గ్రూపుల ఊసెత్తకండి. ఏ గదికా గది విడిగా కాపీ చెయ్యండి," అన్నాడాయన.

ఆయన భయమూ ఊరికే పుట్టింది కాదు. అంతకుముందు ఒక హోటల్ పనిలో, ఒక గదికి స్తంభం అడ్డొచ్చిందని ఎవరో బాత్రూమ్ గోడ జరిపారు. హోటల్లోని బాత్రూమ్ గోడలన్నీ దాంతోపాటు జరిగిపోయాయి.

"అది గ్రూపు తప్పు కాదు సార్. వేరుగా ఉన్న గదిని వేరుగా పెట్టకపోవడం తప్పు."

"చెప్పింది చెయ్యండి."

వదిన చెప్పింది చెయ్యలేదు. మిగతావాళ్ళు రోజుకు మూడు నాలుగు గదులు నింపుతుంటే, ఈవిడ వారం పాటు ఒక్క గది పట్టుకునే కూర్చుంది. నేను నర్సుని. డ్యూటీ దిగి ఇంటికి రాగానే నన్ను నిలబెట్టి, వంటింటి నేల మీద సుద్దముక్కతో మంచం గీసి, దాని చుట్టూ తిప్పింది. అన్నయ్య కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో ఆగాడు. "పేషెంటును తొక్కకుండా స్టవ్ దాకా ఎలా వెళ్ళాలర్రా?"

ఎదురు వరస గదులను అద్దంలోలా తిప్పితే తలుపూ కుళాయీ పక్కలు మారిపోతాయి. అందుకని కుడి గదికి ఒక గ్రూపు, ఎడమ గదికి ఒకటి చేసింది. స్తంభాలు అడ్డొచ్చే రెండు మూల గదుల్ని మాత్రం విడిగా కట్టింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి ముప్పై గదులూ సిద్ధం.

తర్వాత ఆసుపత్రి పెద్ద నర్సు చూడటానికి వచ్చింది. "చెయ్యి కడుక్కోవడానికి మంచం దాటి వెళ్ళాలా? వాష్ బేసిన్ తలుపు పక్కకు తెండి," అంది. నేనూ వదినతో ముందే అదే అన్నాను గానీ, పైవాళ్ళు ఒప్పుకున్న ప్లాన్ మార్చే అధికారం ఆవిడకు లేదు.

మిగతా ఐదు అంతస్తుల్లో ఆ మార్పుకు నాలుగు రోజులు పట్టింది. అయినా ఒక గదిలో రెండు బేసిన్లు మిగిలాయి, ఇంకో గదిలో పైపు ఉంది, బేసిన్ లేదు. వదిన అంతస్తు మాత్రం భోజనాల వేళకే అయిపోయింది. టీమ్ లీడర్‌కు అనుమానం వచ్చింది.

"గ్రూపులు వాడారా?"

"వాడాను."

"వద్దన్నానా?"

"అన్నారు. ఒక్క తప్పు చూపించండి, ఇప్పుడే విడగొట్టేస్తాను."

ఆయన ముప్పై గదులూ వెతికాడు. తప్పు దొరకలేదు. అయినా సంజాయిషీ రాసివ్వమన్నాడు. వదిన రెండే వాక్యాలు రాసింది: "గ్రూపులు వాడాను. మళ్ళీ వాడతాను." కింద సంతకం పెట్టి ఆయన బల్ల మీద ఉంచింది.

మర్నాడే నాలుగో అంతస్తు మిగతా ఐదుగురిలోనే ఒకరికి వెళ్ళిపోయింది. గ్రూపులన్నీ విడగొట్టేశారు. వదినను వెనక గదిలో తలుపుల నంబర్లు వేసే పనికి మార్చారు. ఆ సాయంత్రం మా వంటింట్లో గిన్నెల చప్పుడు వీధి దాకా వినిపించింది.

"మానేసెయ్ వదినా," అన్నాను.

"నేనెందుకు మానేస్తాను? నా పని నాకొచ్చు."

మూడు వారాలకు ఆసుపత్రివాళ్ళు తలుపులు ఇంకా వెడల్పు కావాలన్నారు. ఆ మధ్యాహ్నం రెండో అంతస్తు పని చేస్తున్న అమ్మాయి టిఫిన్ డబ్బాతో వెనక గదికి వచ్చింది. "మేడమ్, ఆ గ్రూపు ఎలాగో చూపిస్తారా?" మర్నాటికి ఐదుగురూ వచ్చారు. వదిన ఒక్క షరతు పెట్టింది: "సార్ అడిగితే నీళ్ళు నమలకూడదు. వాడాం అని మొహం మీదే చెప్పాలి."

ఆయన అడిగాడు. ఐదుగురూ చెప్పారు. ఐదుగురి చేతా సంజాయిషీ రాయించి వెనక గదికి పంపితే ఆసుపత్రి ఎవరు పూర్తి చేస్తారు? ఆయనే వెనక గదికి వెళ్ళి, "ఆ మూల గదుల సంగతి మీరే చూడాలి మేడమ్," అన్నాడట. తప్పయిందని అనలేదు. ఆవిడా అడగలేదు. లేచి వెళ్ళి ఆరు అంతస్తుల మూల గదులూ చూసింది.

ఆ ఏడు ఆవిడకు ప్రమోషన్ రాలేదు. సంజాయిషీ కాగితం ఫైల్లో ఉందన్నారు. "బతిమాలితే తీసేస్తారేమో," అన్నాడు అన్నయ్య.

"ఎందుకు తీయించుకోవాలి? అందులో అబద్ధం ఏముంది?" అంది వదిన.