ఖాళీగా ఉన్న మూడో గడి

మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు టీచరమ్మ ప్రభువునందు నిద్రించారన్న కబురు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేనప్పుడు హైటెక్ సిటీలో మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. దాని కిందే "ఈరోజు నీళ్ళ ట్యాంకర్ లేటు" అని ఇంకో కబురు. రెండూ మార్చి మార్చి చదివాను.

ఆవిడది గుంటూరు వైపు. కూకట్‌పల్లిలో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు మా మియాపూర్ చర్చిలో పిల్లలకు బైబిలు చెప్పేవారు. రెండు చోట్లకీ అదే గుడ్డసంచి. ఎవరింటికెళ్ళినా టీ సాసర్లో పోసుకునే తాగేవారు. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే "నాకు తెలీదమ్మా, చదివి చెప్తా" అనేవారు. నిజంగానే చదివి చెప్పేవారు.

పోయిన వేసవిలో మా పాప చర్చి నుంచి వచ్చి, "డాడీ, పరిణామం సైన్స్ సిద్ధాంతమంట. సృష్టేమో సైన్స్ సిద్ధాంతం కాదంట. టీచరమ్మ చెప్పింది" అంది. నాకు ఒళ్ళు మండింది. మాది సంగారెడ్డి దగ్గర పల్లె. మా తాత చదువుతుంటే ఆదికాండం, అదే బైబిల్లో సృష్టి కథ, వింటూ పెరిగినవాణ్ణి. నేరుగా పాస్టరు గారికి ఫిర్యాదు చేశాను. కొన్నాళ్ళు క్లాసు ఆపమని ఆయన చెప్పారు. ఆవిడ మారుమాట లేకుండా ఆపేశారు.

వారం తిరక్కుండా టీచరమ్మే మా తలుపు తట్టారు. దులిపేస్తారనుకున్నాను. "సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని కదా బాబూ నీది? పరీక్షించే ముందు రాసుకునే కాగితం ఎలా రాస్తారో చూపించు" అన్నారు.

మూడు గడులు గీశాను. మాట ఏంటి, నిజమైతే ఏం కనపడాలి, ఏం కనపడితే ఫెయిల్. ఆవిడ మొదటి వరసలో పరిణామం అని రాసి, మూడో గడిలో "డైనోసార్ల కంటే పాత రాతిపొరలో మనిషి ఎముక" అని రాశారు. తర్వాత పెన్సిల్ నా వైపు జరిపి, సృష్టికి నన్ను రాయమన్నారు.

మూడో గడిలో రాసిందల్లా చెరిపేశాను.

"ఏది కనవడ్డా దేవుడు గట్లనే చేసిండంటం కద టీచర్. ఇగ ఫెయిలెట్ల అయితది?"

"అంతే బాబూ. తప్పని తేలే దారి ఉండి, ఇన్నేళ్ళు పరీక్షిస్తున్నా నిలబడిందాన్నే సైన్స్‌లో సిద్ధాంతం అంటాం. ఇది వేరే రకం మాట. తక్కువ రకమని నేనన్నానా?"

"మరి మీరు నమ్ముతరా, లేదా?"

"ప్రార్థన చేసుకోకుండా ఏనాడూ బడికెళ్ళలేదు" అని నవ్వి, కాగితం మడిచి సంచిలో వేసుకున్నారు.

మీకేమైనా అర్థమైందేమో గాని, నాకు సగమే అర్థమైంది. మిగతా సగం ఇప్పటికీ తికమకే. కోపం మాత్రం ఆ రోజే పోయింది. పాస్టరు గారికి చెప్పి ఆవిడ క్లాసు ఆవిడకు ఇప్పించాలనుకున్నాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ జరిపాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

సమాధి కార్యక్రమం అయ్యాక వాళ్ళాయన నా చేతిలో ఆ కాగితం పెట్టారు. "నీదేగా బాబూ? తన బైబిల్లో ఉంది, ఎందుకు దాచుకుందో మరి" అన్నారు.

సృష్టి కింద ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఇంకో వరస ఉంది. "మళ్ళీ కలుస్తాం." ఏం కనపడాలి అన్న చోట, "మా అమ్మ." మూడో గడి ఖాళీ.

ఇంటికొచ్చాక పాప అడిగింది. "టీచరమ్మను మళ్ళ చూస్తమా డాడీ?"

కాగితం ఇచ్చాను. చదివి, పెన్సిల్ తెచ్చుకుని, "మా అమ్మ" పక్కన "టీచరమ్మ" అని రాసింది. మూడో గడి దగ్గర పెన్సిల్ ఆగింది.

"ఈడ ఏం రాయాలె?"

"అది గట్లనే ఉండనియ్ బిడ్డా" అన్నాను.