సేటు నలపలేని బీడీ

అక్క పోయిందని మొన్న స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కబురొచ్చింది. నిద్రలోనే పోయిందట. ఏడుపొచ్చింది, ఆ వెంటనే మనసు కాస్త తేలికపడింది కూడా. తను బాధపడలేదు, ఎవరినీ బాధపెట్టలేదు. నన్నయితే ఒకప్పుడు పెద్ద గండం నుంచే గట్టెక్కించింది.

సాయుధ పోరాటం రోజులవి. అక్క నాకు తోడబుట్టింది కాదు, జనగామ పక్క ఊళ్లోని కార్ఖానాలో బీడీలు చేసేది. అవి చూసి తీసుకునే మునీమును నేను. ప్రతి కట్టలోనూ కొన్నిటిని పనికిరావని తీసెయ్యాలని సేటు హుకుం. మంచివే తీసేసేవాణ్ణి. వాటికి కూలి ఉండదు. సేటు మాత్రం వాటిని సంచికెత్తి దర్జాగా అమ్ముకునేవాడు.

"ఏంది తమ్మీ, బీడీలనే చూస్తవా, మనుషులను చూడవా?" అనేది అక్క. అంటూనే తన జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చేది. సిగ్గుపడుతూనే తినేవాణ్ణి.

ఈ కోత భరించలేక ఒకరోజు ఆడవాళ్లంతా పని ఆపేశారు. పోరాటం నడిపే సంఘం వాళ్లు వచ్చి పంచాయితీ పెట్టారు. సేటుకు జరిమానా వేయాలన్నారు. ఒకరు కార్ఖానాకు తాళం వేద్దామన్నారు, ఇంకొకరు ముందు ఈ మునీమును తరిమేద్దామన్నారు. ఇంట్లో ఐదుగురం నా జీతం మీదే బతుకుతున్నాం.

అక్క లేచింది.

"తాళమేస్తె మేమేం తినాలె? తమ్మి సేటు చెప్పినట్టు చేసిండు. వాన్ని తీసేస్తె ఇంకొకడొస్తడు, గంతే. గిన్నొద్దులు గుంజుకున్నదానికి సేటు కూలి కట్టియ్యాలె. రేపటి సంది ఖరాబని తీసిన బీడీని మా కండ్ల ముందర సేటే నలుపాలె."

సంఘం సరేనంది. మర్నాడు సేటే స్వయంగా కూర్చుని, అలవాటుకొద్దీ మంచివే ఏరి పక్కన పెట్టాడు. మొదటిది నలిపాడు. రెండోదీ నలిపాడు. మూడోదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్తగూడ అడవి నుంచి డబ్బు పోసి తెప్పించిన తునికాకు, తన పొగాకు. నలపడానికి చేతులు రాలేదు.

"ఇది మంచిదే" అని గొణుగుతూ తిరిగి కట్టలో దూర్చాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

ఏరే పని సేటు మళ్లీ నాకే అప్పగించాడు. వారం తిరగకుండానే నాకో చిక్కొచ్చింది. అక్క కట్టలో ఒక బీడీ నిజంగానే వదులుగా ఉంది. నేను తీస్తే ఎవరు నమ్ముతారు? చూడనట్టు కట్టను పక్కకు జరిపాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గది తియ్యి తమ్మీ, ఖరాబే. నువ్వు తీస్తె నమ్ముతం."

ఆ మాటతో నా గుండెల మీది బరువంతా దిగిపోయింది. అక్క సేటు కోసం ఆగలేదు. ఆ బీడీని తనే నలిపి, అరచేతిలోని పొగాకు పొడిని ఉఫ్‌మని ఊదేసి, మళ్లీ పనిలో కూర్చుంది.