జాబితాలో చివరి పేరు

ఆ చలికాలం నేను క్రైస్ట్‌చర్చ్‌లో ఒంటరిగా ఉన్నాను. భర్త, కూతురు మా ఊరు హాబ్సన్‌విల్‌లోనే ఉండిపోయారు. నేను మాత్రం ఆరు నెలల కాంట్రాక్ట్ మీద ఇక్కడి ఒక కాలేజీకి వచ్చాను. ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆటలు రాసిన, వందేళ్లు దాటిన ఒక పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా మొదటి పని. ఫుట్‌బాల్ అంటే వాళ్ల దృష్టిలో రగ్బీ. ఆ ఆట గురించి నాకు తెలిసింది గుండుసున్నా. ఒక్క సీజనే కదా, కళ్లు మూసుకుని చేసెయ్యొచ్చు అనుకున్నాను.

శనివారానికొక ఆట, ఆటకొక పేజీ. పదిహేను పేర్లు, కింద గెలుపో ఓటమో. పేర్లన్నిటి చివర ‘ఎమర్జెన్సీ’ అని రాసి, పక్కన ఒక మనిషి పేరు. మొదటి పేజీలో చూసి అయ్యో పాపం అనుకున్నాను. రెండో వారమూ అదే పేరు. మూడో వారమూ అంతే. మనకు ఎమర్జెన్సీ అంటే ఆసుపత్రే కదా! సరిగ్గా ఆట రోజుకే ఈయనకు ఏ రోగం వస్తోందో, ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో అని ఒకటే బెంగ. వివరాల గడిలో ‘అనారోగ్యం వల్ల ఆడలేదు’ అని పదకొండు సార్లు టైప్ చేశాను. పలకరించే మనిషి లేని గదిలో రోజంతా కూర్చుంటే, ఎప్పుడో పోయినవాడి ఆరోగ్యం మీదికి కూడా మనసు పోతుంది.

అది చూసి లైబ్రేరియన్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇక్కడే పుట్టి పెరిగిన, అరవై దాటిన కివీ ఆవిడ. ఆ రోజుల్లో రిజర్వ్ ఆటగాణ్ని అలా అనేవారట. ఎవరైనా రాకపోతే దిగడానికి సిద్ధంగా వచ్చి, మైదానం అంచున నిలబడాలట.

నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. నిక్షేపంలాంటి మనిషిని పదకొండు శనివారాలు చలిలో నిలబెట్టి, ఒక్కసారైనా ‘నువ్వు దిగు’ అనలేదే! తప్పులన్నీ దిద్దాను. ఇక చివరి ఆట పేజీ ఒక్కటే మిగిలింది. అందులోనైనా అతను ఆడి ఉండాలని మొక్కుకున్నాను. నా కూతురి పరీక్షలప్పుడు కూడా అంతగా మొక్కలేదు.

ఆ పేజీలో పద్నాలుగు పేర్లే ఉన్నాయి. ఎవరో ఒకడు రాలేదు. ఎమర్జెన్సీ పక్కన ఖాళీ. కింద కెప్టెన్ రాసిన ఒక్క ముక్క: పద్నాలుగు మందితో ఆడాం, ఓడాం. రాక రాక అవకాశం వచ్చిన రోజున అతను లేడు. బాగా తిక్క కుదిరిందని కెప్టెన్‌ను తిట్టుకున్నాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది. అతను ఎందుకు రాలేదో పుస్తకంలో ఎక్కడా లేదు. ఎవరూ అడిగినట్టు కూడా లేదు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాను. ఈ ఊళ్లోనే రిక్కార్టన్‌లో ఉండే తెలుగు ఆంటీ ఫోన్ చేశారు. పండక్కో పుట్టినరోజుకో ఆవిడ నన్ను ముందుగా పిలిచింది లేదు. చెయ్యి తక్కువైతేనే గుర్తొస్తాను.

“ఏమ్మా, ఫ్రీగా ఉన్నావా? ఇవాళ మా ఇంట్లో పూజ. వంటకి హెల్ప్ చేస్తానన్న అమ్మాయి లాస్ట్ మినిట్‌లో హ్యాండిచ్చింది. నువ్వేమైనా...”

రానని చెప్పాలనే ఉంది. ఆ మనిషిలా నేనూ ఒక్కసారైనా వెళ్లకుండా ఉండిపోవాలని ఉంది.

“వస్తున్నా ఆంటీ” అన్నాను, ఆవిడ మాట పూర్తి కాకముందే.