గంపగుత్త ఆమీన్

సౌదీలోని బురైదా ఖర్జూరాల మండీలో దలాలీ చేసే సువైలింకు దేవుడు ఎత్తు తక్కువ ఇచ్చాడు, జుట్టు తక్కువ ఇచ్చాడు, మిగిల్చిందంతా గొంతులో పోశాడు. వేలంపాటలో అతను ఒక్క కేక వేస్తే, కొనే ఉద్దేశం లేనివాడు కూడా ఉలిక్కిపడి చెయ్యెత్తేవాడు. ఆ చెయ్యి దిగేలోపే సరుకు వాడిదైపోయేది. దీనిమీద తగాదాలు చాలా జరిగాయి. అన్నిట్లోనూ సువైలిమే గెలిచాడు, ఎందుకంటే అవతలివాడి మాట ఎవరికీ వినబడేది కాదు.

రంజాను నెలలో ఆ గొంతు పేట మసీదుకు వచ్చేది. రాత్రి నమాజు చివర ఇమాం చేతులెత్తి ఒక్కొక్క దువాగా దేవుణ్ణి వేడుకుంటుంటే వెనక వరుసలు ఆమీన్ అనాలి. సువైలిం అందుకుంటేనే మిగతావాళ్ళూ అందుకునేవారు.

"దేవుడికేం చెవుడు లేదయ్యా," అనేది భార్య హైలా. "కాస్త మెల్లగా అడిగినా ఇస్తాడు."

"నీకు బేరాలు తెలీవే. మెల్లగా అడిగినోడికి తాలు సరుకు అంటగడతారు."

ఈ గొంతుకు జంకని మనిషి ఊళ్ళో ఒక్కడే, షేక్ దుఖయ్యిల్. మతశాస్త్రం క్షుణ్ణంగా చదివిన పెద్దమనిషి. ఒకనాడు మండీకి వచ్చి, సువైలిం పాట పెడుతున్న పెట్టెను నలుగురిలో బోర్లించాడు. పైన నిగనిగలాడే పళ్ళు, అడుగున పుచ్చులు. "రేపు దేవుడు నిన్నూ ఇలాగే బోర్లిస్తే అడుగున ఏం కనబడుతుంది, అబూ ఫౌజాన్?" అన్నాడు, సువైలింను మర్యాదగా కొడుకు పేరుతో పిలుస్తూనే. సువైలిం ఏడాదిపాటు ఆయన్ని తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే అడుగున కూడా మంచి పళ్ళు పేర్చాడు. ఆ తర్వాత ఏటా మొదటి కోత షేకుగారింటికే వెళ్ళేది.

ఆ షేకే ఒక శుక్రవారం ప్రసంగంలో, "విచారణ లేకుండా జైళ్ళలో పడేసినవాళ్ళను ఖాజీ ముందుకైనా తీసుకురండి, ఇళ్ళకైనా పంపండి" అన్నాడు. మర్నాడు ఇద్దరు మర్యాదస్తులు ఆయనింటికి వచ్చి, ఒక కప్పు కాఫీ తాగి వద్దురుగాని రమ్మని తీసుకెళ్ళారు. రంజాను వచ్చింది. ఆ కాఫీ ఇంకా మరగనేలేదు.

రంజాను మొదటి రాత్రి ఇమాం రుమైహ్ ఎప్పటిలాగే అన్నాడు: "దేవా, మా రాజుకు సన్మార్గం చూపించు." అన్నేళ్ళుగా ఆ మాటకు పైకప్పు అదిరేలా ఆమీన్ పలికిన సువైలింకు ఆ రాత్రి షేకుగారు గుర్తొచ్చారు. మూసిన నోరు మూసినట్టే ఉంది. వెనకవాళ్ళు ఏదో గొణిగారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఆ మర్యాదస్తుల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"రంజాను కాబట్టి పగటిపూట కాఫీ ఇవ్వలేకపోతున్నాం," అన్నాడు అధికారి.

'బతికించావు నాయనా' అనుకున్నాడు సువైలిం.

"గొంతు బాగోలేదా, పెద్దాయనా?"

"వయసు మీదపడింది సార్."

"రాజుగారి దువా దగ్గరే మీదపడుతోందటగా? మిగతా వాటికి నిక్షేపంగా ఉందట. ఇకనుంచి ఆ దువాకి గట్టిగా ఆమీన్ చెబుతానని సంతకం పెట్టు."

"ఒక్కదానికేనా?" సువైలింలోని దలారి మేలుకున్నాడు. "నేను విడిగా అమ్మను సార్. ఇమాం చేసే ప్రతి దువాకీ గట్టిగా చెబుతానని రాయండి. గంపగుత్తగా అయితేనే బేరం."

అధికారి సంబరపడి అలాగే రాయించుకున్నాడు.

ఇంటికొచ్చాక మాత్రం సువైలిం ముఖం వేలాడేశాడు. ఆ దువాకి ఆమీన్ అంటే షేకుగారికి ద్రోహం చేసినట్టేనని అతని దిగులు.

"దారి చూపించమనేగా అడిగేది," అంది హైలా. "దారి తెలిసినోడికి ఎవరైనా అడుగుతారా? మనస్ఫూర్తిగా అనవయ్యా."

అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ వెంటనే ఇమాం, ఏళ్ళ తరబడి వస్తున్న వరుసలోనే, "దేవా, ఖైదీలను విడిపించు" అన్నాడు. సువైలిం ఊపిరితిత్తుల అడుగునుంచి తెచ్చి వదిలాడు ఆమీన్. మసీదు మసీదంతా అందుకుంది. ఆఫీసు తరఫున వరుసలో నిలబడ్డ వేగులవాడు కూడా చేతులెత్తి ఉన్నాడు కనుక, చచ్చినట్టు అన్నాడు. మేడమీద ఆడవాళ్ళ వైపు నుంచి షేకుగారి భార్య వెక్కిళ్ళు వినిపించాయి.

నాలుగు రాత్రులు ఇదే తంతు. ఐదోనాటి సాయంత్రం ఇమాం రుమైహ్ తల వంచుకుని సువైలిం గడపలోకి వచ్చాడు.

"ఖైదీల మాట తీసేయమన్నారు అబూ ఫౌజాన్. నాకు చిన్నపిల్లలున్నారు."

సువైలింకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయి ఆ కుర్ర ఇమాం ముఖం చూసి మింగేశాడు.

"నీ నోరు నీ ఇష్టం, నాయనా."

ఆ రాత్రి మసీదులో కొత్త ముఖాలు కనిపించాయి. ఇమాం రోగుల కోసం అడిగాడు, వానల కోసం అడిగాడు, రాజుగారి కోసం అడిగాడు. తర్వాతి మాట దగ్గర అలవాటు కొద్దీ ఊపిరి తీసుకుని ఆగిపోయాడు. చెయ్యని దువాకి ఆమీన్ అంటే ఏ సంతకమూ తనను కాపాడదని సువైలింకు తెలుసు. హైలా గుర్తొచ్చింది. షేకుగారు ఏ గదిలో నిలబడి ఈ నమాజు చేసుకుంటున్నారో అనిపించింది.

"ఆమీన్," అన్నాడు. ఎన్నడూ లేనిది, పసిపిల్లాడి గొంతంత సన్నగా వచ్చింది.

ఆ వెనకే మసీదు మసీదంతా ఆమీన్‌తో దద్దరిల్లింది.

నమాజు ముగియగానే కొత్త ముఖాలు సువైలిం చుట్టూ మూగాయి.

"ఏ దువాకయ్యా ఆమీన్ అన్నావు? ఇమాం ఏమీ అడగలేదే!"

అంతలో రుమైహ్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"అడిగాను," అన్నాడు. "ఖైదీల కోసం అడిగాను. ఆయన ఇమాం దువాకే ఆమీన్ అన్నాడు."

"మాకు వినబడలేదే?"

"మిమ్మల్ని అడగలేదుగా."

సువైలిం వెళ్ళి అతని పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాడు.