అవతలి షెడ్డు దాకా వినపడాలి

కాశిబుగ్గలోని ఆ రేడియో దుకాణం బోర్డు మీద వీరభద్రం పేరు ఉండేది. లోపల పని చేసేది అతని భార్య రాజేశ్వరి. ఈ సంగతి వాళ్లిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియకుండా ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.

డెబ్బై ఒకటిలో మడికొండ నుంచి కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు రేడియో అంటే పంచాయతీ ఆఫీసులో బీగం వేసి పెట్టిన పెట్టె. ఆడవాళ్లు దూరం నుంచి వినవలసిందే తప్ప ముట్టుకునేది కాదు. ఇక్కడ చూస్తే ఇంట్లోనే పది పెట్టెలు పొట్టలు తెరుచుకుని పడి ఉన్నాయి. వంట అయ్యాక ఆమె భర్త పక్కన కూర్చునేది. అతడు విప్పిన గాజు వాల్వులు వరుస తప్పకుండా పేర్చి పెట్టేది. ఏ తీగ ఎక్కడిదో అతడు మరిచిపోయినప్పుడు వేలు పెట్టి చూపించేది. అది పని నేర్చుకోవడం అని ఆమె అనుకోలేదు, అతడూ అనుకోలేదు.

డెబ్బై ఎనిమిదిలో వీరభద్రం చేతులు వణకడం మొదలైంది. ముందు చాయ్ గ్లాసు ఒలికింది. తర్వాత టంకం కడ్డీ ఆగలేదు. దవాఖానలో నరాల బలహీనత అన్నారు, బిళ్లలు ఇచ్చారు. బిళ్లలు అయిపోయాయి గాని వణుకు పోలేదు. ఒకనాడు కాగిన టంకం చుక్క జారి అతని తొడ మీద పడింది. రాజేశ్వరి కడ్డీ లాక్కుని, "జర అటు జరుగు" అంది. అంతే. ఆ రోజు నుంచి కడ్డీ మళ్లీ అతని చేతికి పోలేదు.

దుకాణానికీ వంటింటికీ మధ్య పాత చీర ఒకటి అడ్డం కట్టుకున్నారు. గిరాకీ వచ్చి రేడియో రోగం చెబితే వీరభద్రం తువ్వాలు కింద చేతులు దాచుకుని తల ఊపేవాడు. చీర వెనుక నిలబడి రాజేశ్వరి చెవి పెట్టేది. రెండు రోజుల తర్వాత రేడియో పాడుతూ బయటికి వచ్చేది. "నీ చెయ్యి మంచిది వీరన్నా" అని వాళ్లు మెచ్చుకుంటుంటే, లోపల పప్పు కలుపుతున్న చెయ్యి కాసేపు ఆగేది. ఆమెకు కోపం వచ్చేదా అంటే, ఏమో, వచ్చేది కాదనే అనుకునేది. కాని ఆ పూట గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేసేవి.

దాచకపోతే ఎలా? పెట్టెలు తెచ్చేది ఎక్కువగా యార్డులో మిర్చి బేరం నడిపే అడితిదారులు, వాళ్ల గుమస్తాలు. ఆడమనిషి విప్పిన రేడియో అని తెలిస్తే గడప తొక్కరు. ఇంట్లో ఆడవాళ్ల చేతి భోజనం తింటారు. ఆమెలాంటి ఆడవాళ్లు ఎండలో కూర్చుని ఏరిన మిర్చిని అమ్ముకుంటారు. రేడియో దగ్గరికి వచ్చేసరికి మాత్రం మగ చెయ్యి కావాలి.

ఎనభై ఆరు ఎండాకాలం. ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చితో నిండి, కాశిబుగ్గ దాకా తుమ్ములు. ఒకనాడు పొద్దున్నే హమాలీ మొగిలయ్య ఒక ఇనుప పెట్టెను నెత్తి మీద మోసుకొచ్చి దుకాణంలో దించాడు. వెంట సమ్మమ్మ ఉంది. యార్డులో తాలు కాయలు ఏరే ఆడవాళ్లందరికీ ఆమె ముందు మనిషి.

"వీరన్నా, తొర్రూరుల డేరా టాకీసు ఎత్తేత్తాంటే ఈ మైకుసెట్టు కొన్నం" అన్నాడు మొగిలయ్య. "లోపట దీపాలైతే ఎలుగుతానయ్. సప్పుడే రాదు."

"పాతదెందుకు కొన్నరే? కిరాయికి దొరకకనా?"

"యాడ దొరుకుతది? మైకుసెట్టోళ్లందరికీ అడితోళ్లు చెప్పి పెట్టిండ్రు. పెండ్లికిత్తరట, సావుకిత్తరట, హమాలీలకు ఇయ్యరట."

వాళ్ల పంచాయితీ బరువు గురించి. సంచి యాభై కిలోలు దాటకూడదని మాట. అడితిదారులు కాళ్లతో తొక్కించి డెబ్బై కుక్కుతున్నారు. ఆ సంచి కిందే నడుము విరిగి గట్టయ్య అనే హమాలీ మంచాన పడ్డాడు. పోయిన నెల పని ఆపి మీటింగు పెట్టారు. యార్డు చిన్నదా? ఈ కొస మాట ఆ కొసకు వినపడలేదు.

"మా షెడ్డుకు ఒక్క ముక్క ఇనబడలె" అంది సమ్మమ్మ. "గుమస్తా వెంకట్రాజం ఉరికొచ్చి, ఒప్పందమైంది, మీ పెద్దమనుషులు ఒప్పుకున్నరు, లేవుండ్రి అన్నడు. పిచ్చోళ్ల లెక్క పోయి చాటలు పట్టుకున్నం. మమ్ముల చూసి మొగోళ్లు సంచులెత్తిండ్రు. తెల్లారినంక తెలిసింది, ఏ ఒప్పందం కాలేదని. ఎల్లుండి మల్ల మీటింగు. ఈపాలి అవతలి షెడ్డు దాకా ఇనబడాలె అన్నా. లేకుంటే ఈ యేడు పని గంతే."

చీర వెనుక రాజేశ్వరి ఈ మాటలన్నీ విన్నది.

వాళ్లు వెళ్లాక పెట్టె విప్పింది. ఎలుక పెంటికలు, బీడీ ముక్కలు, డేరా కింది దుమ్ము. ఇంట్లో ఉన్న స్పీకరు ఒకటి తగిలించి కరెంటు పెడితే వాల్వులు ఎర్రగా వెలిగాయి. స్పీకరు నుంచి మైకు వైపు, వెనుక నుంచి ముందుకు వెతుక్కుంటూ వచ్చింది, ఆమె పద్ధతి అది. సౌండు పెంచే బిరడా దగ్గర స్క్రూడ్రైవరు కొన ఆనించి దాని ఇనుప కడ్డీకి వేలు తగిలిస్తే స్పీకర్లో బుర్రుమంది. అంటే అక్కడి నుంచి స్పీకరు దాకా అంతా బాగానే ఉంది. రోగం దానికి ముందు ఉంది. మైకు పిన్ను దూర్చే చోట చూస్తే పచ్చటి తుప్పు. గీకి, కొత్త తీగ వేసి, టంకం పెట్టింది. మధ్యాహ్నానికి పెట్టె నోరు తెరిచింది.

సాయంత్రం మొగిలయ్య వచ్చి మైకులో "హలో" అని, తన గొంతు తనకే వినపడి గతుక్కుమన్నాడు. "అబ్బ! నీ చెయ్యి పాడుగాను, మంచి చెయ్యే వీరన్నా!" అన్నాడు. వీరభద్రం తువ్వాలు కిందే చేతులు ఉంచుకుని నవ్వాడు.

మీటింగు పదకొండు గంటలకు. ఆ రోజు తొమ్మిదిన్నరకు సమ్మమ్మ చెమటలు కారుతూ దుకాణంలోకి వచ్చింది.

"అన్నా, మల్ల మూగది అయింది! దీపాలు ఎలుగుతానయ్, మైకు గొట్టంల సప్పుడు లేదు. జనం వచ్చి కూసున్నరు. జల్ది నడువు!"

"ఇటు పట్టుకరాండ్రి, చూత్త" అన్నాడు వీరభద్రం.

"టైమేడిది? నువ్వే నడువన్నా, కాళ్లు మొక్కుత."

వీరభద్రం లేచాడు. తువ్వాలు జారింది. సమ్మమ్మ ఆ చేతులు చూసింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి బయటి మనిషి చూసింది. అతడు మళ్లీ కూర్చున్నాడు.

చీర పక్కకు జరిపి రాజేశ్వరి వచ్చింది. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, చాకు, టేపు. ఇంకో చేతిలో రెండు టార్చిలైటు సెల్లులు, వెనుకా ముందూ ఆనించి అట్టముక్కతో చుట్టి, రెండు కొసలా తీగలు పెట్టినవి.

"ఎటు?" అన్నాడు వీరభద్రం.

"యార్డుకు."

"పాగలైనవా? అడితోళ్ల పెట్టెలు మనింట్ల ఆరున్నయ్. పొద్దూకే వరకు ఒక్కటి ఉండనియ్యరు."

"ఎరికే."

"నా పేరు ఏం గావాలె?"

ఆమె చెప్పులు తొడుక్కుంది. సమ్మమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "ఏందక్కా, అంటే ఇన్నొద్దుల సంది..." అని ఆగింది.

"నేనే. నడువు" అంది రాజేశ్వరి.

దారి పొడుగునా ఆమెకు ఒకటే లెక్క. ఒకవేళ బాగు కాకపోతే? ఆడది ముట్టుకుంది కనుకే చెడిందంటారు. బాగైతే దుకాణం పోతుంది, బాగు కాకపోతే దుకాణంతో పాటు వీళ్ల మీటింగూ పోతుంది. వెనక్కి మళ్లుదామని రెండుసార్లు అనిపించింది. సమ్మమ్మ చెయ్యి వదలలేదు.

యార్డులో మూడు వందల మంది కూర్చుని ఉన్నారు. గేటు దగ్గర బల్ల మీద పెట్టె, చాయ్ డబ్బా కొట్టు నుంచి దానికి కరెంటు. అక్కడి నుంచి తీగ మిర్చి కుప్పల మధ్య పాకుతూ అవతలి షెడ్డు దాకా పోయింది. ఆ షెడ్డు స్తంభానికి గొట్టం కట్టారు. దాని కింద ఆడవాళ్లు. వాళ్ల వెనుకే గుమస్తా వెంకట్రాజం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పదకొండు గంటల కోసం అతడూ ఎదురుచూస్తున్నాడు.

"వీరన్న ఏడి?" అన్నాడు మొగిలయ్య.

"ఈమెనే" అంది సమ్మమ్మ.

"ఈమె... ఎవలు?"

"అడుగుడు తర్వాత. ముందు బందు చెయ్యుండ్రి!" రాజేశ్వరి పరుగున పోయి స్విచ్చి తీసేసింది. "గొట్టానికి పోకుంట ఉత్తగ నడిపిత్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతది."

మొగిలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

మళ్లీ అదే పద్ధతి, వెనుక నుంచి ముందుకు. పెట్టె నుంచి తీగ ఊడదీసి, ఆ రెండు కొసలకు సెల్లుల తీగలు తాకించింది. గొట్టం బాగుండి, తీగ బాగుంటే, అవతల టక్కుమనాలి.

"గొట్టం కింద ఎవలన్న చెవి పెట్టి ఇనుండ్రి! టక్కుమన్నదా?"

ఆమె మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకి షెడ్డు చేరింది. జవాబు అలాగే తిరిగి వచ్చింది. "లేదంటాండ్రు!"

సెల్లులు తీసుకుని తనే అవతలికి నడిచింది. గొట్టం దించమంది. దాని సొంత తీగలకు సెల్లులు తాకించింది. టక్. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. గొట్టం బతికే ఉంది. పెట్టె బతికే ఉంది. పోయింది నడుమ తీగ.

వెంకట్రాజం దగ్గరికి వచ్చాడు. "వీరభద్రంకు పెండ్లాం తప్ప ఇంకెవలు దొరుకలేదా పంపనీకి? మా సేటు రేడియోను గూడ నువ్వే గెలుకుతానవా ఏంది?"

ఆమె తీగ చేతిలోకి తీసుకుంది. వంగి, దాన్ని వేళ్ల మధ్య జార్చుకుంటూ గేటు వైపు నడవడం మొదలుపెట్టింది. మూడు వందల మంది కళ్లు ఆమె వెంటే నడిచాయి. మిర్చి ఘాటుకు కళ్లలో నీళ్లు. తుమ్ము వచ్చినా ఆగలేదు. ఎక్కడో గడియారం చూసి ఎవరో "పావు తక్కువ పదకొండు" అన్నారు.

సగం దారిలో వేళ్లకు ఉబ్బెత్తుగా తగిలింది. గోనెపట్టాతో చుట్టి, సుతిలితో బిగించి కట్టి ఉంది.

"ఇదేంది?"

మొగిలయ్య ముందుకు వచ్చాడు. "తీగ అందలేదు. ఇంకో తీగ తెచ్చి నేనే కలిపిన. కాళ్లకు తట్టకుంట పైన పట్టా చుట్టిన."

గోనె విప్పితే లోపల రెండు ముడులు. హమాలీ ముడులు. లారీ మీద తాడుకు తాడు కలిపి వేసేవి, బొంబాయి దాకా పోయినా సడలనివి. యార్డులో మొగిలయ్య ముడి అంటే ఎదురులేదు. ఆ ముడినే, పైన ప్లాస్టిక్కు తొడుగు అలాగే ఉంచి, తీగకు వేశాడు. లోపలి రాగి ఎక్కడా రాగిని తాకలేదు.

రాజేశ్వరికి నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత. "అన్నా, ముడి బంగారమసొంటిది. గని కరెంటుకు ముడి కాదు, రాగికి రాగి తాకాలె."

"గట్టిగ గుంజి చూసిన గదనే! ఏనుగు గుంజినా రాదు!"

"ఏనుగు గుంజినా రాదు. కరెంటు గూడ రాదు."

నవ్వులు లేచాయి. మొగిలయ్య మీసం కింద ఏదో గొణిగాడు. ముడి విప్పడం అతని వల్ల కూడా కాలేదు. ఆమె చాకుతో కోసేసింది. తొడుగు గీకి, రాగిని రాగికి పెనవేసి, టేపు చుట్టింది. గేటు దగ్గరికి పరుగెత్తి తీగ బిగించి, పెట్టె మూత సర్ది స్విచ్చి వేసింది. వాల్వులు కాగేదాకా ఆగాలి. ఆ అర నిమిషం యార్డులో తుమ్ము కూడా వినపడలేదు.

మైకు సమ్మమ్మ లాక్కుంది.

"ఓ చిలుకమ్మా! షెడ్డుల ఉన్న చిలుకమ్మా! ఇనబడుతాందా?"

అవతల గొట్టం ఉరిమింది. ఆడవాళ్లు ఒక్కసారిగా చేతులెత్తారు.

"ఇనుండ్రి! ఈ మైకుల ఇనబడ్డదే మన మాట. మీ ఎనుక నిలబడ్డ వెంకట్రాజం ఏం చెప్పినా అది ఆయన సేటు మాట! లేవకుండ్రి!"

ఎవరూ లేవలేదు. వెంకట్రాజం గోడ నీడన నడుచుకుంటూ బయటికి వెళ్లాడు. రెండు గంటలకు అడితిదారులు యార్డు కాంటా షెడ్డు ముందు పెట్టించారు. ఒక్కో సంచీ తూచి ఎత్తడానికి ఒప్పుకున్నారు. ఎన్నాళ్లు మాట మీద ఉంటారో ఎవరికీ తెలియదు.

రాజేశ్వరి ఆ తూకం చూడలేదు. అప్పటికే ఇంట్లో ఉంది. వీరభద్రం అన్నం ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మూడు గంటలకల్లా అడితిదారుల మనుషులు వచ్చి నాలుగు రేడియోలు తీసుకుపోయారు. ఒకటి సగం విప్పి ఉంటే, విప్పిన సామాను గుడ్డలో మూటగట్టించుకుని మరీ పోయారు. తీసుకుపోయేవాళ్లు ఎవరూ ఆమె వైపు చూడలేదు.

చివరికి వెంకట్రాజం వచ్చాడు. "మా సేటు రేడియో ఇయ్యి వీరభద్రం. వేరే తాన చూపించుకుంటం."

వీరభద్రం తువ్వాలు లేకుండా రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. అవి బల్ల మీద టకటకమన్నాయి.

"తీసుకపో. ఎనిమిదేండ్ల సంది మీ సేటు పొద్దుగాల ఇనే వార్తలు ఆమె చేతిలకెల్లి వచ్చినయే. నేను వాల్వు ముట్టక ఎనిమిదేండ్లాయె. పోయి చెప్పు."

రాజేశ్వరి తలుపు దగ్గర నిలబడిపోయింది. ఆ మాట అతని నోట వస్తుందని ఆమె అనుకోలేదు. వచ్చాక సంతోషించాలో, పోయిన నాలుగు రేడియోలకు ఏడవాలో తెలియలేదు.

వెంకట్రాజం రేడియో చంకన పెట్టుకుని మెట్టు దిగాడు. దిగి, ఆగాడు. వీధి అటూ ఇటూ చూశాడు.

"మా ఇంట్ల టేపురికార్డరు రీలును నములుతాంది" అన్నాడు వీరభద్రంతో, గొంతు తగ్గించి.

వీరభద్రం గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

వెంకట్రాజం చంకలోని పెట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. అప్పుడు గాని ఆమె వైపు తిరగలేదు.

"పట్టుకరమ్మంటవా... అక్కా?"

"పొద్దున పట్టుకరా" అంది రాజేశ్వరి. "ఎలుగున్నప్పుడు."